వీఎంలకు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు వేసుకోవాల్సిన ప్లాన్

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పడ్డ వాన చూసినవాళ్లకు సెల్లార్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. బాలానగర్ వైపు ఒక చిన్న పరిశ్రమకు సర్వర్ రూమ్ సెల్లార్‌లోనే ఉండేది. మోటార్లు పెట్టి నీళ్లు తోడించాక మధ్యాహ్నానికి లోపలికి దిగాం. ర్యాక్‌లో పైన ఉన్న రెండు హోస్టులకు (వీఎంలను, అంటే వర్చువల్ మెషిన్లను నడిపే అసలు సర్వర్లకు) తడి తగల్లేదు. బరువెక్కువని స్టోరేజ్ బాక్స్‌ను, దాని కిందే బ్యాకప్ నాస్‌ను (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టెను) అడుగున బిగించారు. నాస్‌లోంచి ఒక డిస్కు ట్రే లాగితే దాని వెంబడే బురదనీళ్లు ధారకట్టాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పంపిన ఆఖరి మెయిల్ వాన పడ్డ రోజు తెల్లవారుజామున వచ్చింది. అన్ని జాబ్‌లూ సక్సెస్ అని ఉంది, అది నిజమే. ఏది ఎక్కడ ఉండాలో మాత్రం ముందుగా ఎవరూ కూర్చుని ఆలోచించలేదు.

అప్పటి నుంచి ఏ ఆఫీసులో బ్యాకప్ పెట్టాల్సి వచ్చినా ఇన్‌స్టాలర్ జోలికి పోకముందే ఒక ప్రశ్న అడుగుతున్నాను. రేపు పొద్దున ఈ సర్వర్ రూమ్ లేదనుకోండి. ఏ వీఎంను, ఎక్కడున్న కాపీ నుంచి, ఏ మెషిన్ మీద, ఎన్ని గంటల్లో లేపుతారు? ప్లాన్ ఆ చివరి నుంచి వెనక్కి రావాలి. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. దాని ముందు ఒక వారం కాగితం పని ఉంటుంది. ఆ వారం గురించే ఇదంతా. రెండు మూడు హోస్టులు, 10 నుంచి 60 దాకా వీఎంలు, ఐటీ చూసుకోవడానికి ఒకరో ఇద్దరో ఉన్న ఆఫీసులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా వీఎంవేర్ (హైపర్‌వైజర్, అంటే హోస్ట్ మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్), వీమ్ (బ్యాకప్ సాఫ్ట్‌వేర్)లవి. ప్రాక్స్‌మాక్స్ అనే మరో హైపర్‌వైజర్‌లో తేడా వచ్చిన చోట చెబుతాను.

1. ఉన్నవాటి లెక్క తీయండి

ఒక ఎక్సెల్ షీట్ చాలు. వీఎంవేర్ అయితే ఆర్‌వీటూల్స్ అనే చిన్న టూల్‌తో పది నిమిషాల్లో మొత్తం జాబితా వస్తుంది. వీఎం పేరు, ఏ హోస్ట్, ఏ డేటాస్టోర్ (వీఎంల డిస్కులు ఉండే స్టోరేజ్), కేటాయించిన డిస్కు ఎంత, నిజంగా వాడింది ఎంత, లోపల నడిచేది ఏమిటి, దాని బాగోగులు ఎవరివి. ఆఖరి గడిలో డిపార్ట్‌మెంట్ పేరు రాసి ఊరుకోకండి, మనిషి పేరు రాయండి. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సింది మనిషికే.

ఈ షీట్ నింపుతుంటే నాలుగు రకాల వీఎంలు విడిగా తేలతాయి. వాటికి గుర్తు పెట్టండి.

ఇండిపెండెంట్ మోడ్‌లో పెట్టిన డిస్కులు, ఫిజికల్ మోడ్ ఆర్‌డీఎంలు (వీఎంకు నేరుగా ఇచ్చిన స్టోరేజ్ డిస్కులు) స్నాప్‌షాట్‌కు, అంటే బ్యాకప్ కోసం డిస్కును ఆ క్షణం ఉన్నట్టే పట్టి ఉంచడానికి, లొంగవు. జాబ్ వాటిని వదిలేసి ముందుకెళ్తుంది. రిస్టోర్ చేసిన రోజున సీ డ్రైవ్ ఉంటుంది, డేటా ఉన్న డీ డ్రైవ్ ఉండదు. రెండో రకం, గెస్ట్ (వీఎంలో నడిచే ఓఎస్) లోపలి నుంచే ఐస్కసీతో (నెట్‌వర్క్ మీదుగా డిస్కు తగిలించే పద్ధతితో) నాస్‌కు తగిలించుకున్న డిస్కులు. హైపర్‌వైజర్‌కు అవి కనబడవు కాబట్టి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కూ కనబడవు. ఈ రెండు రకాలకూ వీఎం లోపల ఏజెంట్ (చిన్న బ్యాకప్ ప్రోగ్రామ్) పెట్టాల్సిందే. మూడో రకం, ఎప్పుడో అప్‌గ్రేడ్‌కు ముందు తీసి మరచిపోయిన పాత స్నాప్‌షాట్లు ఉన్నవి. బ్యాకప్ మొదలుపెట్టే ముందే వాటిని తీసేయండి. నాలుగోది డాంగిల్ (లైసెన్స్ కోసం యూఎస్‌బీకి పెట్టే చిన్న పరికరం) తగిలించిన వీఎం. వీఎం వేరే హోస్ట్ మీద లేస్తుంది గానీ డాంగిల్ పాత హోస్ట్‌కే ఉండిపోతుంది.

హోస్ట్ మీద ఉచిత లైసెన్స్ ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ హైపర్‌వైజర్) నడుస్తోందా అన్నది కూడా ఇప్పుడే చూడండి. బ్యాకప్‌కు కావాల్సిన ఏపీఐలు అందులో అందవు. డబ్బులిచ్చి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొన్నాక ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నవాళ్లను చూశాను.

2. మనుషులను అడగండి

ఎంత డేటా పోతే తట్టుకోగలం, ఎంతసేపు ఆగగలం: పుస్తకాల్లో ఆర్‌పీవో, ఆర్‌టీవో అనేవి ఇవే. ఇవి ఐటీవాళ్లు కుర్చీలో కూర్చుని రాసే అంకెలు కావు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడమ్‌ను ఇలా అడిగాను.

"టాలీ సర్వర్ పోయిందనుకోండి మేడమ్. నిన్న రాత్రి వరకే తిరిగి వస్తే సరిపోతుందా?"

"వోచర్లు కాగితం మీద ఉంటాయి బాబూ, మళ్లీ ఎక్కించుకుంటాం."

"20వ తేదీ సాయంత్రం పోతే?"

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "అమ్మో, ఆ రోజు గంట పని పోయినా కుదరదు."

నెలలో 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్న్‌ల గడువులు. ఆ ముందు రెండు రోజులు అకౌంట్స్‌వాళ్లు రాత్రి పదింటి దాకా ఉంటారు. మామూలు రోజున రాత్రి 9కి మొదలయ్యే జాబ్ ఆ రోజుల్లో వాళ్ల పనికి అడ్డం పడుతుంది. పైగా ఆ రోజుల్లోనే గంటగంటకూ కాపీ కావాలి. అందుకే ఆ ఒక్క వీఎంకు షెడ్యూల్ వేరుగా పెట్టాను. ఇలాంటివి ఏ మాన్యువల్‌లోనూ దొరకవు.

ఆగగలిగే సమయం లెక్కేసేటప్పుడు ఊరిని కూడా కలపండి. రిస్టోర్ చేయగలిగిన మనిషి ఉప్పల్‌లో, సర్వర్లు పటాన్‌చెరులో ఉంటే సాయంత్రం ఆరింటికి బయల్దేరినవాడు ఎప్పటికి చేరతాడు? నిమజ్జనం రోజైతే? వీపీఎన్‌లోంచి రిస్టోర్ చేయగలగాలి, ఆ వీపీఎన్ పడిపోయిన సర్వర్ల మీద ఆధారపడకూడదు.

ఎన్నాళ్లు దాచాలన్నది చట్టం కొంత నిర్ణయిస్తుంది. కంపెనీల చట్టం కింద లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న పుస్తకాల బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు. అంతకుముందు 'నిర్ణీత కాలానికోసారి' అని ఉండేది. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉండాలి. అంటే రోజువారీ కాపీలు 30, నెలవారీవి 12, వాటికి తోడు మార్చి 31 తర్వాత తీసిన సంవత్సరపు కాపీ ఒకటి పక్కన పెట్టాలి.

వీటన్నిటినీ బట్టి వీఎంలను మూడు గుంపులు చేయండి. లేచే వరసా రాయండి: ముందు డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు సరిచూసేది), డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చేది), తర్వాత డేటాబేస్, తర్వాత దాని మీద నడిచే ఈఆర్‌పీ (ఆఫీసు పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్), ఫైల్ సర్వర్ ఆఖరికి. ఈ వరస రాయని చోట ఈఆర్‌పీ లేచి, లాగిన్ అడిగి, జవాబిచ్చే డొమైన్ లేక కూర్చుంటుంది.

3. చోటు లెక్క

24 వీఎంలు, వాడిన చోటు 8 టీబీ అనుకుందాం. కంప్రెషన్‌తో సగానికి వస్తే ఒక ఫుల్ (మొత్తం డేటా కాపీ) 4 టీబీ. రోజుకు 5 శాతం మారితే 400 జీబీ, కుదించాక 200 జీబీ. 30 రోజులు ఉంచాలి. మొదటి ఫుల్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఇంక్రిమెంటల్ (ముందు కాపీ తర్వాత మారినవి మాత్రమే) అయితే 4 టీబీకి 29 సార్లు 200 జీబీ కలిపి 10 టీబీకి కాస్త తక్కువ.

వారానికో ఫుల్ పెట్టారంటే లెక్క మారిపోతుంది. పాత గొలుసులో (ఒక ఫుల్, దాని వెంట వచ్చిన ఇంక్రిమెంటల్‌లు) ఒక్క కాపీ అవసరమైనా ఆ గొలుసు మొత్తం ఉండాల్సిందే. కాబట్టి సెట్టింగ్‌లో 30 అని రాసినా డిస్కు మీద 36 దాకా పేరుకుంటాయి. ఆరు ఫుల్‌లకు 24 టీబీ, ఇంక్రిమెంటల్‌లకు 6, మొత్తం 30 టీబీ. 16 టీబీ నాస్ కొని, రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచే చోటు) నిండిపోయిందని మూడో వారంలో ఫోన్ చేసేవాళ్లు ఈ ఒక్క గుణకారం చేయనివాళ్లే.

దీనికి మంచి మార్గం ఉంది. రిపాజిటరీని విండోస్‌లో ఆర్‌ఈఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో, 64 కేబీ క్లస్టర్‌తో ఫార్మాట్ చేయండి, లేదా లైనక్స్‌లో రీఫ్‌లింక్ ఆన్ చేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టండి. వారపు సింథటిక్ ఫుల్‌లు (ఉన్న కాపీల నుంచే కూర్చే ఫుల్‌లు) పాత బ్లాకులనే చూపిస్తాయి కాబట్టి ఆరు ఫుల్‌ల చోటు పట్టదు. ఫార్మాట్ చేసేటప్పుడు తీసుకునే ఈ నిర్ణయాన్ని 20 టీబీ డేటా చేరాక మార్చడం నరకం. అందుకే దీన్ని ప్లాన్‌లోనే రాయమంటున్నాను. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ తన దారిలో తాను డీడూప్లికేషన్ (ఒకేలాంటి ముక్కలను ఒక్కసారే దాచడం) చేస్తుంది. అది బ్యాకప్‌ను చిన్న చిన్న ముక్కలుగా దాస్తుంది కాబట్టి మామూలు హార్డ్‌డిస్కుల మీద వెరిఫై, గార్బేజ్ కలెక్షన్ (అక్కర్లేని ముక్కలు తీసేయడం) చాలా నెమ్మదిస్తాయి. వీలైతే ఎస్ఎస్‌డీలు కొనండి.

వచ్చిన అంకె మీద 25 శాతం అదనంగా వేసుకోండి. ప్రొడక్షన్ డేటాస్టోర్‌లలోనూ 15 శాతం ఖాళీ ఉండాలి. బ్యాకప్ నడిచినంతసేపూ స్నాప్‌షాట్ పెరిగేది అక్కడే.

4. దారి, వేగం

1 జీబీపీఎస్ నెట్‌వర్క్‌లో కాగితం మీద సెకనుకు 125 ఎంబీ, చేతికొచ్చేది 110 ఎంబీ. 8 టీబీ చదవడానికి 20 గంటలు. 10 జీబీపీఎస్ కార్డులు, స్విచ్ ఉంటే, డిస్కులు అందుకోగలిగితే, రెండు గంటలు. రోజూ మారే 400 జీబీకి 1 జీబీపీఎస్‌లోనూ ఒక గంట చాలు. కాబట్టి బ్యాకప్ కోసం చూస్తే పాత స్విచ్ సరిపోతుందనిపిస్తుంది. రిస్టోర్ రోజున మాత్రం 8 టీబీ మొత్తం ఆ దారినే వెనక్కి రావాలి. ఎంతసేపు ఆగగలం అన్న ప్రశ్నకు యజమాని "నాలుగు గంటల్లో లేవాలి" అని ఉంటే 10 జీబీపీఎస్ ఎందుకో ఆయనకు ఈ లెక్కే చూపించండి.

వీఎంవేర్‌లో డేటా తీసే దారులు మూడు. నెట్‌వర్క్ మోడ్ హోస్ట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ గుండా వస్తుంది, ఎక్కడైనా పనిచేస్తుంది, నెమ్మది. హాట్‌యాడ్‌లో ప్రాక్సీ (డేటా చదివి పంపే మెషిన్) కూడా ఒక వీఎం. స్నాప్‌షాట్ తీసిన డిస్కును తనకు తగిలించుకుని చదువుతుంది. చిన్న ఆఫీసులకు నేను ఎక్కువగా పెట్టేది ఇదే. మూడోది డైరెక్ట్ శాన్. ఫిజికల్ ప్రాక్సీకి స్టోరేజ్ ఎల్‌యూఎన్‌లను (స్టోరేజ్ బాక్స్ డిస్కులుగా ఇచ్చే భాగాలను) నేరుగా చూపించాలి. వేగం బాగుంటుంది, ప్రమాదమూ ఉంది. ప్రాక్సీ విండోస్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఆ ఎల్‌యూఎన్‌లను కొత్త డిస్కులనుకుని "ఇనిషియలైజ్ చేయాలా" అని ఒక చిన్న కిటికీ వస్తుంది. ఓకే బటన్ ముందే వెలుగుతూ ఉంటుంది. ఎవరైనా నొక్కితే పోయేది ప్రొడక్షన్ డేటాస్టోర్. ఎల్‌యూఎన్‌లు చూపించక ముందే డిస్క్‌పార్ట్‌లో ఆటోమౌంట్ ఆపేయండి, శాన్ పాలసీ ఆఫ్‌లైన్‌కు మార్చండి, స్టోరేజ్ వైపు వీలుంటే రీడ్-ఓన్లీగా ఇవ్వండి. ఇవన్నీ చేసే తీరిక లేకపోతే హాట్‌యాడ్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ప్రాక్సీలో ఒకేసారి చదివే ఒక్కో డిస్కుకు ఒక కోర్, 2 జీబీ ర్యామ్ అనుకుని మొదలుపెట్టండి. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వీఎంను ఆపి మళ్లీ పెడితే ఏ బ్లాకులు మారాయో రాసుకున్న డర్టీ బిట్‌మ్యాప్ పోతుంది. ఆ రాత్రి డిస్కు మొత్తం చదువుతుంది, పంపేది మాత్రం మారినవే. ప్యాచింగ్ చేసిన ఆదివారం బ్యాకప్ ఆలస్యమైతే కంగారు పడకండి.

5. బ్యాకప్ సర్వర్ ఎక్కడ, ఎవరి పేరున

నేను దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. డబ్బు కోసం డేటాకు తాళం వేసేవాళ్లు లోపలికి రాగానే వెతికేది బ్యాకప్ సర్వర్‌నే.

కాపాడాల్సిన హోస్టుల క్లస్టర్‌లోనే బ్యాకప్ సర్వర్‌ను వీఎంగా పెట్టకండి. క్లస్టర్ పడితే తాళంచెవి కూడా బావిలో పడినట్టే. పాత డెస్క్‌టాప్ సర్వర్ అయినా సరే, విడి మెషిన్ ఇవ్వండి. దాన్ని ఆఫీస్ డొమైన్‌లో చేర్చకండి. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే ఆ పాస్‌వర్డ్‌తోనే బ్యాకప్‌లు కూడా చెరిపేస్తాడు. లోకల్ అకౌంట్, వేరే పాస్‌వర్డ్, కన్సోల్‌కు రెండో అంచె ఓటీపీ. వీసెంటర్‌లోకి (వీఎంవేర్ హోస్టులన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సర్వర్‌లోకి) వెళ్లడానికి దానికో సర్వీస్ అకౌంట్ తయారుచేసి, కావాల్సిన అనుమతులే ఇవ్వండి. మీ సొంత అడ్మిన్ అకౌంట్ అక్కడ ఇస్తే మీరు పాస్‌వర్డ్ మార్చిన రాత్రి జాబ్‌లన్నీ ఫెయిలవుతాయి.

రిపాజిటరీని నాస్ షేర్‌గా, అందరికీ కనబడే డ్రైవ్‌గా ఉంచొద్దు. లైనక్స్ హార్డెన్డ్ రిపాజిటరీ పెట్టి ఇమ్యూటబిలిటీ ఆన్ చేస్తే, చెప్పిన రోజులు గడిచేదాకా బ్యాకప్ సర్వర్ అడ్మిన్ కూడా ఆ ఫైళ్లు చెరపలేడు. వీమ్‌లో కనీసం 7 రోజులు. నేను 14 పెడతాను, దీర్ఘ సెలవుల్లో ఎవరూ చూడకపోయినా గడువు ఉంటుందని. ఆ లైనక్స్ మెషిన్‌కు ఉన్న రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్‌ను మరచిపోకండి. అక్కడి నుంచి ర్యాక్ ముందు నిలబడ్డట్టే డిస్కులు తుడిచేయొచ్చు.

ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, బ్యాకప్ సర్వర్ కాన్ఫిగరేషన్ బ్యాకప్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఫైల్, ముఖ్యమైన అప్లికేషన్ల సీరియల్ నంబర్లు: ఇవన్నీ ఆ సర్వర్ రూమ్ బయట ఉండాలి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరు అంటించి, యజమాని ఇంటి బీరువాలో పెట్టించండి.

6. పోర్టులు, పేర్లు, గడియారం

ఫైర్‌వాల్ చూసేవాళ్లకు ముందే జాబితా ఇవ్వండి. వీసెంటర్, హోస్టులకు 443. నెట్‌వర్క్ మోడ్‌కు హోస్ట్ 902. వీమ్ డేటా మూవర్లకు 2500 నుంచి 3300. లైనక్స్ రిపాజిటరీకి ఇన్‌స్టాల్ సమయంలో 22, తర్వాత మూసేయొచ్చు. ప్రాక్స్‌మాక్స్ హోస్ట్ 8006, దాని బ్యాకప్ సర్వర్ 8007.

అన్ని పేర్లూ డీఎన్‌ఎస్‌లో ముందుకూ వెనక్కూ (పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు) తేలాలి. డీఎన్‌ఎస్ వీఎంగానే ఉంటుంది కాబట్టి, అది పడిన రోజు కోసం బ్యాకప్ సర్వర్ హోస్ట్స్ ఫైల్‌లో వీసెంటర్, హోస్టుల ఐపీలు రాసి పెట్టండి. గడియారాలన్నీ ఒకే ఎన్‌టీపీ టైమ్ సర్వర్‌కు కలపండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలని, లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలని, సైబర్ సంఘటనను 6 గంటల్లోపు తెలపాలని ఉంది. బ్యాకప్ సర్వర్ లాగ్‌లనూ ఆ 180 రోజుల్లో కలపండి.

7. రెండో కాపీ

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట: ఈ 3-2-1 సూత్రం అందరికీ తెలిసిందే. "బయట" అన్న మాటనే జాగ్రత్తగా చదవాలి. అదే బిల్డింగ్ మూడో అంతస్తులో పెడితే అది సెల్లార్ నీటి నుంచి కాపాడుతుంది, మంటల నుంచి కాపాడదు. రెండో బ్రాంచి ఉంటే మొదటి ఎంపిక అదే.

క్లౌడ్ అయితే అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లు ఉన్నాయి. రెండూ దేశంలోనివే కాబట్టి లెక్కల పుస్తకాల నిబంధనకు ఇబ్బంది లేదు. రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలన్న ఒకే కారణంతో నేను ముంబై వైపు మొగ్గుతాను. బకెట్ (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) తయారుచేసేటప్పుడే ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా చెరపనివ్వని తాళం) ఆన్ చేయండి.

100 ఎంబీపీఎస్ లైన్‌లో రోజుకు 200 జీబీ పంపడానికి నాలుగున్నర గంటలు. రాత్రి సరిపోతుంది. మొదటి 4 టీబీకి మాత్రం 90 గంటలు, అంటే దాదాపు నాలుగు రోజులు. వెనక్కి తెచ్చుకోవడానికీ అంతే, పైగా డౌన్‌లోడ్‌కు చార్జీ. అందుకని క్లౌడ్ కాపీ ఉన్నా చేతికందే దూరంలో ఒక లోకల్ కాపీ తప్పనిసరి.

8. లైసెన్స్

సాకెట్ (ప్రాసెసర్) లెక్కనా, వీఎం లెక్కనా అన్నది మీ షీట్ చూస్తే తేలుతుంది. పెద్ద హోస్టుల మీద వీఎంలు కిక్కిరిసి ఉంటే సాకెట్ లెక్క లాభం. 10 వీఎంల లోపైతే వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. 2023 నవంబర్‌లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక చాలా ఆఫీసులు ప్రాక్స్‌మాక్స్ వైపు చూస్తున్నాయి. ఆ ఆలోచన మీకూ ఉంటే రెండు హైపర్‌వైజర్లకూ పనిచేసే బ్యాకప్ సాఫ్ట్‌వేరే తీసుకోండి. వీమ్ 2024 నుంచి ప్రాక్స్‌మాక్స్‌ను కాపాడుతోంది.

9. ఇన్‌స్టాల్ చేసే రోజు

శనివారం సాయంత్రం మొదలుపెట్టండి, 11, 20 తేదీల దగ్గర కాకుండా. ముందు ఒకే ఒక అప్రధానమైన వీఎంతో జాబ్ పెట్టి, బ్యాకప్ తీసి, వెంటనే రిస్టోర్ చేయండి. అది లేచాకే మిగతావి. మొదటి ఫుల్‌ను మూడు రాత్రులకు పంచండి. ఒక డేటాస్టోర్‌లో ఒకేసారి నాలుగు స్నాప్‌షాట్లకు మించి తెరవనివ్వకండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ ఉన్న వీఎంలకు అప్లికేషన్-అవేర్ ఆప్షన్ (లోపలి అప్లికేషన్‌ను సిద్ధం చేశాకే కాపీ తీసేది) ఆన్ చేయండి. లేకపోతే అప్పుడే కరెంటు పోయిన సర్వర్‌లా లేస్తాయి. ఎస్‌క్యూఎల్ లాగ్‌లను ఈ సాఫ్ట్‌వేర్ కత్తిరిస్తుందా, ముందునుంచీ ఉన్న మెయింటెనెన్స్ ప్లాన్ కత్తిరిస్తుందా అన్నది డేటాబేస్ చూసేవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. రెండూ చేస్తే లాగ్‌ల గొలుసు తెగుతుంది.

10. రిస్టోర్ చేసి చూడండి

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచే సేవల సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. డేటాబేస్ రోజువారీ డంప్ (కాపీ) వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్లుగానో ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు డీమార్క్ (మెయిల్ అసలు పంపినవాళ్లదేనా అని చూసే పద్ధతి) లోపంతో తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంస్థే ఈ వివరాలన్నీ బయటపెట్టింది. కాబట్టి ఫెయిలైతేనే మెయిల్ అని పెట్టకండి, సక్సెస్ అయినా రావాలి. మెయిల్ రాని పొద్దునే అనుమానపడే పొద్దు.

మూడు నెలలకోసారి ఒక పూట కేటాయించండి. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని స్విచ్ మీద డొమైన్ కంట్రోలర్‌ను, తర్వాత ముఖ్యమైన వీఎంను లేపండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, మొదలైన నిమిషం, లాగిన్ తెర వచ్చిన నిమిషం రాసుకోండి. వీఎం లేచిందంటే పని అయినట్టు కాదు, లోపల డేటా ఉందని చెప్పాల్సింది దాన్ని రోజూ వాడేవాళ్లు. పోయినసారి అకౌంట్స్ మేడమ్‌ను పిలిచి టాలీ తెరిచి చూపించాను. ఆవిడ ముందు రోజు వేసిన ఆఖరి వోచర్ నంబర్ తన పుస్తకంలో చూసుకుని, తెర మీద వెతికి, మొత్తం సరిపోల్చారు. "ఉంది బాబూ" అన్నారు. షీట్‌లో ఆ వీఎం వరుసకు ఎదురుగా తేదీ, 52 నిమిషాలు అని రాసి, కింద ఆవిడ సంతకం తీసుకున్నాను.